తొంభైల వంటింట్లో ఎవరి డబ్బా?

(టీవీ, వెబ్ సిరీస్ రంగంలోకి వస్తున్న యువత కోసం ఏర్పాటైన సభలో ఒక ఆర్ట్ డైరెక్టర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా అమ్మా? వినబడకపోతే చెయ్యెత్తండి. సెట్లో అరిచి అరిచి అలవాటైన గొంతు, మైకు లేకపోయినా నడిపిస్తాను.

నన్ను పిలిచినవాళ్ళు "పాతకాలపు కామెడీ సిరీస్‌లలో చారిత్రక ప్రామాణికత" అని పెద్ద పేరే పెట్టారు. దానికి నేనొక తోక తగిలించాను. ఆ సిరీస్‌లలో కనబడే సరుకులకి డబ్బులెవరిస్తున్నారు అని. మీలో కొందరు అనుకోవచ్చు, ఇవి రెండు వేరువేరు విషయాలు కదా, ఒకటి చరిత్ర, ఇంకొకటి వ్యాపారం అని. నా అనుభవంలో రెండూ ఒక్కటే. ఎలా ఒక్కటో చెప్తాను.

ముందొక బిస్కెట్ ప్యాకెట్ సంగతి. 1994లో జరిగే కథ. మధ్యతరగతి ఇల్లు, చుట్టాలొచ్చారు, అమ్మ వంటింట్లోకెళ్ళి ప్యాకెట్ విప్పి ప్లేట్లో సర్దుతుంది. ప్యాకెట్ మీద ఒక ఇన్సర్ట్ షాట్, అంటే ఆ వస్తువొక్కటే తెర నిండా దగ్గరగా కనబడే షాటు. ఆ కంపెనీవాళ్ళే డబ్బు పెడుతున్నారు కాబట్టి ఇన్సర్ట్. పేరు చెప్పను, తర్వాత టీ దగ్గర కూడా అడక్కండి. వాళ్ళు శ్రద్ధగానే పంపించారు. పాత రంగులు, పాత అక్షరాలు, చూడగానే చిన్నప్పటి ప్యాకెట్టే. నేను చేతిలోకి తీసుకుని లైటు కింద పెట్టి చూశాను. మూల మీద ఆకుపచ్చ చుక్క.

చిన్న చదరం, లోపల చుక్క. శాకాహారం గుర్తు. ఆ గుర్తు వెయ్యాలని నియమం వచ్చింది 2001లో. మన కథ 1994లో ఉంది. వెనక్కి తిప్పాను. ధర ముందు రూపాయి గుర్తు. ఆ గుర్తుని ప్రభుత్వం ఖాయం చేసింది 2010 జూలైలో. దాని కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు. 2006లో ఆహార భద్రత చట్టం వస్తే, ఆ చట్టం కింద తర్వాత ఏర్పడిన సంస్థ అది. పక్కన బార్‌కోడ్. 1994లో మన ఊరి కిరాణా కొట్టు శెట్టిగారికి బార్‌కోడ్ చూపిస్తే ఏమనేవాడు? ప్రింటు చెడిపోయింది, వేరే ప్యాకెట్ ఇస్తానుండు అనేవాడు.

కంపెనీ తరఫున సెట్‌కి వచ్చిన అబ్బాయిని పిలిచి, "బాబూ, ఈ చుక్క మీద చిన్న స్టిక్కర్ వేసేద్దామా?" అన్నాను. మంచి కుర్రాడు, ఆఫీసుకి ఫోన్ చేశాడు. జవాబేమొచ్చిందో తెలుసా? "చట్టప్రకారం ఉండాల్సిన గుర్తు తీసేసిన ప్యాకెట్ మా పేరుతో తెర మీద కనబడితే లీగల్ వాళ్ళు ఒప్పుకోరు సార్." వినండి, వినండి. ఇక్కడ ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. అతనికి తెలుసు తప్పని, నాకు తెలుసు తప్పని, వాళ్ళ లీగల్ వాళ్ళకీ తెలుసు. తెలిసే 1994 వంటింట్లోకి 2001 చుక్క వస్తోంది. చివరికి అమ్మ వేషం వేసిన ఆర్టిస్టుగారు గడుసు మనిషి, బొటనవేలు సరిగ్గా ఆ చుక్క మీద వేసి పట్టుకుంది. డైలాగు చెప్తూ, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంటూ, వేలు మాత్రం కదపలేదు. ఆ సీనంతటిలో గొప్ప నటన ఆ బొటనవేలుదే.

ఇలాంటి తప్పులు పట్టుకోవడం అందరికీ సరదా. నాకూ సరదానే, దాచుకోను. మీకు కొన్ని ఇచ్చేస్తాను, ఇంటికెళ్ళి పట్టుకోండి. 1991లో జరిగే కథలో ప్రేమికులు ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే వెనక బుద్ధుడు నిలబడి ఉన్నాడా? తప్పు. ఆ విగ్రహం 1990 మార్చిలో తీసుకెళ్తుండగా హుస్సేన్ సాగర్‌లో పడిపోయింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. బుద్ధుణ్ణి పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబరులో. నడుమ రెండున్నరేళ్ళకి పైగా ఆయన నీళ్ళ అడుగునే ఉన్నాడు. 1996 కథలో హీరో స్నేహితుడు వైన్‌షాపు ముందు నిలబడి సీసా కొంటున్నాడా? తప్పు. 1995 జనవరి నుంచి 1997 దాకా ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం. తాగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, ఎలా తాగారో అది వేరే సినిమా. బోర్డు పెట్టుకుని మాత్రం అమ్మలేదు.

స్కూటరు నంబరు ప్లేటు చూడండి. 1989 జూలైకి ముందు మన దగ్గర మూడు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత అంకెలు. ఏపీ, పక్కన జిల్లా అంకె అనే పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. సొంత బండ్లకి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు, 2000 దాటాక గాని ఇప్పటి తెల్ల ప్లేటు రాలేదు. కృష్ణానగర్ సందుల్లో షూటింగ్ చేస్తే వెనక ఎక్కడో ఒక టీఎస్ ప్లేటు బండి దూరుతుంది. టీఎస్ పుట్టింది 2014లో. జేబులోంచి నోటు తీస్తే గాంధీగారి వరస నోట్లు 1996లో మొదలయ్యాయి. కాబట్టి 1990 కథలో నోటు మడిచి పట్టుకోమంటాం. తెలుగు సిరీస్‌లలో నోట్లు ఎప్పుడూ ఎందుకు మడిచి ఉంటాయో ఇప్పుడు తెలిసిందా?

సరే, పట్టుకున్నాం. పట్టుకుని ఏం చేద్దాం? ఈ తప్పులవల్ల ఎవరికి నష్టం? నన్నడిగితే, పెద్దగా ఎవరికీ లేదు. చుక్క చూసి ఎవరూ 1994ని తప్పుగా అర్థం చేసుకోరు. నేను చెప్పాలనుకుంటున్నది ఇంకా పెద్ద తప్పు. అది ఏ ప్యాకెట్ మీదా కనబడదు. దాన్ని చూడాలంటే కాస్త అమెరికా దాకా వెళ్ళి రావాలి, ఎందుకంటే ఈ వ్యాపారం వాళ్ళ దగ్గర యాభై ఏళ్ళుగా నడుస్తోంది.

ఇరవయ్యేళ్ళ లెక్క

1974 జనవరిలో అమెరికాలో ఏబీసీ ఛానెల్ ఒక కామెడీ సిరీస్ మొదలుపెట్టింది, పేరు 'హ్యాపీ డేస్'. నవ్వకండి, మన కాలేజీ సినిమా కాదు. అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటి కాలం, యాభైల్లో మిల్వాకీ అనే ఊరు, ఒక కుటుంబం, వాళ్ళబ్బాయి, వాడి స్నేహితులు. పదకొండు సీజన్లు, 1984 దాకా నడిచింది. అందులో ఫోంజీ అని ఒక పాత్ర. మోటారుసైకిలు, నల్ల తోలు జాకెట్టు. ఇప్పుడు అమెరికాలో యాభైలు అనగానే ఆ జాకెట్టే గుర్తొస్తుంది. 1980లో దాన్ని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో పెట్టారు.

కాని మొదట్లో ఆ జాకెట్టు లేదు. తోలు జాకెట్టు వేస్తే రౌడీలా ఉంటాడని ఛానెల్ భయపడింది. పల్చటి గుడ్డ జాకెట్టు వేయించారు. సిరీస్ సృష్టికర్త గ్యారీ మార్షల్ బేరమాడాడు. మోటారుసైకిలు మీద ఉన్నప్పుడు పడితే దెబ్బ తగలకుండా తోలుది వేసుకోవాలి కదా, అన్నాడు. సరే, బండి దగ్గర ఉన్నప్పుడు మాత్రం వేసుకోవచ్చన్నారు. ఇంకేముంది, ఫోంజీ ఎక్కడుంటే అక్కడికి బండి వచ్చేసింది. అంటే మ్యూజియంలో ఉన్న యాభైల జాకెట్టు 1974 ఆఫీసులో బేరమాడి తెచ్చుకున్నది. పాతకాలాన్ని ఎప్పుడూ ఇప్పటివాళ్ళే, ఇప్పటి భయాలతో కుడతారు.

తర్వాత 1988లో 'ద వండర్ ఇయర్స్' వచ్చింది. ఇది 1968 నుంచి మొదలయ్యే కథ. మళ్ళీ ఇరవయ్యేళ్ళే చూడండి. పన్నెండేళ్ళప్పుడు ఆ కాలం చూసినవాడు ముప్పై రెండేళ్ళకి జీతం, పిల్లలు, ఇంట్లో కొనే నిర్ణయం చేతిలో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు. ప్రకటనలిచ్చేవాళ్ళకి కావలసింది అతనే. ఇరవయ్యేళ్ళ లెక్కలో సగం బెంగ, సగం వ్యాపారం. ఆ సిరీస్ మీద నాకు గౌరవం ఉంది. మొదటి ఎపిసోడ్‌లోనే పక్కింటి అమ్మాయి అన్న వియత్నాం యుద్ధంలో చనిపోయాడన్న కబురు వస్తుంది. నవ్వించే సిరీస్, మొదటి రోజే చావు కబురు! అది చాలు ఏ సంవత్సరమో చెప్పడానికి, ఇంకే డబ్బా చూపించక్కర్లేదు.

1998లో 'దట్ సెవెంటీస్ షో'. కొందరు టీనేజీ పిల్లల కథ, 1976 మే నుంచి 1979 డిసెంబరు 31 దాకా, అంటే నాలుగేళ్ళు కూడా లేదు. సిరీస్ ఎనిమిది సీజన్లు నడిచింది. ఆ లెక్కలో ఎన్ని క్రిస్మస్‌లు పట్టాయో మీరే లెక్కేసుకోండి. టైటిల్ పాట చివర కారు నంబరు ప్లేటు చూపించి, దాని మీది స్టిక్కర్‌తో ఏ సంవత్సరమో చెప్పేవాళ్ళు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాడిగా ఆ ఆలోచనకి నేను దణ్ణం పెడతాను. ఇంకొకటుంది. ఆ పిల్లలు నేలమాళిగలో గుండ్రంగా కూర్చుని గంజాయి కాలుస్తారు. ఛానెల్లో చూపించడానికి వీల్లేదు. అందుకని కెమెరాని మధ్యలో పెట్టి ఒక్కొక్కరి ముఖం మీదికీ తిప్పారు. పొగ కనబడుతుంది, మాటలు తేలిపోతుంటాయి, చేతిలో ఏముందో మాత్రం కనబడదు. చూపించకూడదు అన్నందువల్లే అంత మంచి షాటు పుట్టింది.

ఇక 2013లో 'ద గోల్డ్‌బెర్గ్స్'. ఈ సృష్టికర్త ఆడమ్ గోల్డ్‌బెర్గ్ మహా తెలివైనవాడు. తన ఇంటి కథే తీశాడు, ఎపిసోడ్ చివర చిన్నప్పుడు తను తీసిన అసలు వీడియోలు వేసేవాడు. మరి కథ ఏ సంవత్సరం? "పంతొమ్మిది వందల ఎనభై ఎంతో" అంటాడు. ప్రతిసారీ అదే. 1982 సినిమా, 1989 ఆటబొమ్మ ఒకే వారంలో ఉండొచ్చు. మనక్కూడా అంతే కదా? రామాయణం టీవీలో వచ్చిన ఆదివారం, మా మేనత్త పెళ్ళి, కరెంటు పోయి వీధంతా పక్కూరికి పరిగెత్తడం, అన్నీ ఒకే ఎండాకాలంలో జరిగినట్టు ఉంటాయి నా తలలో. ముందే ఒప్పుకుని తీసినవాణ్ణి నేను తప్పు పట్టను. ఆయనకి ఇద్దరన్నలు. సిరీస్‌లో ఒకణ్ణి అక్కగా మార్చేశాడు, ఎరిక్ కాస్తా ఎరికా అయ్యింది. ఇంట్లోవాళ్ళనే మార్చినవాణ్ణి ఆటబొమ్మ ఏ ఏడాదిదని అడుగుతామా?

డబ్బు సంగతికొద్దాం. పాతకాలం కథలోకి కంపెనీ డబ్బు కొత్తగా వచ్చిందనుకుంటున్నారా? అసలు ఆ పాతకాలపు టీవీయే కంపెనీ డబ్బుతో పుట్టింది. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ'కి ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ స్పాన్సరు. మొదట్లో టైటిల్స్‌లోనే సిగరెట్ పెట్టె ఉండేది, లూసీ దంపతులు అందులోంచే తీసి కాల్చేవాళ్ళు. మరి మనం ఇప్పుడు చూసే టైటిల్స్‌లో ఏముంది? పట్టు గుడ్డ మీద హృదయం బొమ్మ. అది తర్వాత, మళ్ళీ మళ్ళీ వేసుకోవడానికి చేసిన టైటిల్. పాతది అని మనం మురిసిపోయే ఆ హృదయం, కంపెనీని తుడిచేసిన చోట అతికించింది. 'ఫ్లింట్‌స్టోన్స్' కార్టూన్ తెలుసు కదా పిల్లలకి? మొదట్లో ఆ రాతియుగం మగవాళ్ళిద్దరూ విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటనలో కాల్చారు.

మన దగ్గర మాత్రం? 1984 జూలైలో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైతే దానికి స్పాన్సరు మ్యాగీ నూడుల్స్. కుటుంబ నియంత్రణ గురించి, ఆడపిల్లల చదువు గురించి చెప్పడానికి పుట్టిన సీరియల్ అది. దానితోపాటు రెండు నిమిషాల నూడుల్స్ కూడా ఇళ్ళల్లోకి వచ్చాయి. అందుకని, బ్రాండు కనబడింది కాబట్టి ఇది చరిత్ర కాదు అనే పెద్దమనిషి మాట నేను ఒప్పుకోను. బ్రాండులు ఆ కాలంలో ఉన్నాయి, గోడల నిండా ఉన్నాయి. పల్లెటూరి గోడ మీద నీలం రంగుతో ఎరువుల పేరు, సిమెంటు పేరు, బీడీల పేరు చేత్తో రాసి ఉండేది. అవి తుడిచేసి ఖాళీ సున్నం గోడ చూపిస్తే అదీ అబద్ధమే.

ఇంకో నిజం చెప్తాను, నిర్మాతల పక్షాన. పాతకాలం కథ తీయడం ఖరీదైన పని. వీధిలో ఒక్క షాటు పెడితే కేబుల్ వైర్లు, డిష్‌లు, ఫ్లెక్సీలు, మెట్రో పిల్లర్లు, సెల్ టవర్లు. కొన్నిటికి గుడ్డ కప్పుతాం, కొన్ని సీజీలో, అంటే కంప్యూటర్లో, చెరిపిస్తాం. చెరిపించిన ప్రతి సెకనుకీ డబ్బు. ఆ డబ్బెక్కడిది? ఆ బిస్కెట్ కంపెనీదే. అంటే ఆకుపచ్చ చుక్క ఇచ్చిన డబ్బుతో నేను వీధిలో ఫ్లెక్సీలు తీయించాను. ఒక అబద్ధం డబ్బిచ్చి పది నిజాలు కొనిపెట్టింది. అందుకే అన్నాను, రెండూ ఒకే సంగతి అని.

ఒక్కోసారి నిజమూ ప్రకటనా కలిసి నడుస్తాయి కూడా. 2019లో 'స్ట్రేంజర్ థింగ్స్' మూడో సీజన్, కామెడీ కాదనుకోండి, కాని పాతకాలం మీద దానంత వ్యాపారం చేసింది ఇంకోటి లేదు. కథ 1985 వేసవి. అప్పుడు కోకాకోలా తన పానీయం రుచే మార్చేసింది. ఏప్రిల్ 23న 'న్యూ కోక్' తెచ్చింది, జనం తిట్టిపోశారు, 79 రోజులకి పాత రుచి వెనక్కి తెచ్చింది. కంపెనీ చరిత్రలో అంత పెద్ద పరాభవం లేదు. ఆ సీజన్లో ఒక పిల్లాడు న్యూ కోక్ తాగి బాగుందంటాడు. తేదీ సరిపోయింది, డబ్బా సరిపోయింది. అదే సమయంలో కోకాకోలా 2019లో ఆ డబ్బాలు మళ్ళీ కొన్నాళ్ళు తయారుచేసి అమ్మింది. పరాభవాన్ని కూడా అమ్ముకున్నారు. అంత ఖచ్చితమైన చరిత్ర వాళ్ళకి ఊరికే వచ్చిందా? డబ్బుకి ఖచ్చితత్వం కావలసి వచ్చింది, అంతే.

బతికున్నవాళ్ళే కనబడే పాతకాలం

ఇప్పుడు అసలు మాట. ఆ కోకాకోలా ఇంకా ఉంది కాబట్టి తన పాత డబ్బా చూపించుకోగలిగింది. లేకుండా పోయినవాళ్ళ సంగతేమిటి?

పెద్దవాళ్ళు ఉన్నారు ఇక్కడ, మిమ్మల్ని అడుగుతాను. ఎనభైల్లో హైదరాబాదులో మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే ఏది? ఆల్విన్. ఎక్కడ తయారయింది? ఇక్కడే, మన సనత్‌నగర్లో. గడియారాలు కూడా చేశారు. టీవీ? ఈసీ టీవీ, ఈసీఐఎల్ వాళ్ళది, ఇదీ మన ఊరిదే. లేకపోతే సాలిడేర్, డయానోరా. చేతికి హెచ్ఎంటీ. తాగడానికి గోల్డ్ స్పాట్. గోదావరి జిల్లాలవాళ్ళుంటే రామచంద్రపురం ఆర్టోస్, అది స్వాతంత్ర్యానికి ముందునుంచీ ఉంది. ఇక గోలీ సోడా లేని ఊరు ఉందా?

ఇప్పుడు మీరు చూసిన పాతకాలపు సిరీస్‌లన్నీ గుర్తు తెచ్చుకోండి. ఆల్విన్ ఫ్రిజ్ మీద ఎప్పుడైనా ఇన్సర్ట్ చూశారా? ఈసీ టీవీ పేరు కనబడేలా కెమెరా దగ్గరికెళ్ళిందా? ఎందుకెళ్తుంది? ఆ ఫ్రిజ్ తరఫున ఫోన్ ఎత్తడానికి ఎవరూ లేరు, చెక్కు రాయడానికి ఎవరూ లేరు. మేం పెడతాం, వెనక గోడకి ఆనించి, మసగ్గా. ముందు మాత్రం ఇవాళ్టికీ బతికి, ఇవాళ్టికీ ప్రకటనల బడ్జెట్ ఉన్న సరుకు ఉంటుంది. అలా ఇరవై సిరీస్‌లు చూసిన పిల్లవాడికి ఏమనిపిస్తుంది? ఇప్పుడున్న ఈ కంపెనీలే అప్పుడూ ఉన్నాయి, ఇవి తప్ప వేరే లేవు అనిపిస్తుంది. ఒక ఊరు తన ఫ్రిజ్ తను చేసుకున్న సంగతి, తన టీవీ తను చేసుకున్న సంగతి వాడికి తెలిసే దారి లేదు. బుద్ధుడు ఏ ఏడాది లేచాడో తప్పు పోతే పోనివ్వండి. ఇది మాత్రం నాకు కష్టంగా ఉంటుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, పోయిన బ్రాండుకి ప్రాణం పోస్తే అది మళ్ళీ గతంలోకి వెళ్ళి చోటు సంపాదించుకుంటుంది. 1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్ళిపోయాక థమ్సప్ వచ్చింది, క్యాంపా కోలా వచ్చింది. 1993లో కోక్ తిరిగొచ్చి పార్లే వాళ్ళ థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ కొనేసింది. గోల్డ్ స్పాట్‌ని తర్వాత ఆపేశారు. క్యాంపా కూడా మెల్లగా కనుమరుగైంది. ఇప్పుడేమైంది? క్యాంపాని రిలయన్స్ వాళ్ళు కొని 2023లో మళ్ళీ దించారు. బజాజ్ చేతక్ 2020లో ఎలక్ట్రిక్ బండిగా వచ్చింది. లూనా 2024లో వచ్చింది, అదీ బ్యాటరీతోనే. ఇకముందు తీసే ఎనభైల కథల్లో మా మావయ్య లూనా మీద వస్తాడు చూడండి, పిల్లలు క్యాంపా తాగుతారు చూడండి. గోల్డ్ స్పాట్ తాగిన పిల్లలు మాత్రం ఉండరు. 1985లో నిజంగా ఏది ఎక్కువ తాగారన్న లెక్క ఇందులో ఎక్కడా రాదు.

చట్టం కూడా కొంత తుడిచేస్తుంది. చార్మినార్ సిగరెట్ పెట్టె మన హైదరాబాదుదే, ఎన్ని చొక్కా జేబుల్లో ఉండేదో! తెర మీద ఆ పేరు కనబడకూడదు. హెచ్చరిక వెయ్యాలి, 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీలకీ ఆ నియమం వచ్చింది. ఆ నియమం మీద నాకు ఫిర్యాదు లేదు, మా నాన్న ఆ పెట్టెతోనే పోయాడు. కాకపోతే 1965లో అమెరికాలో పెద్దవాళ్ళలో నూటికి 42 మంది సిగరెట్ తాగేవాళ్ళు. వాళ్ళ పాతకాలపు కామెడీల్లో గదులు ఎంత శుభ్రంగా ఉంటాయో చూడండి, ఒక్క యాష్‌ట్రే ఉండదు. తాగించమనడం లేదు నేను. యాష్‌ట్రే అయినా పెట్టండి బల్ల మీద అంటున్నాను.

ఇప్పుడు డబ్బా ఎలా కనబడాలి అన్న దానికొస్తాను. కంపెనీకి ఎలా కావాలి? లేబుల్ కెమెరా వైపు. నిండుగా. కొత్తగా. నవ్వుతూ తాగాలి. అవునా? మరి నిజంగా మన ఇళ్ళలో హార్లిక్స్ సీసా ఎలా ఉండేది? జబ్బుచేస్తే ఒకసారి కొనేవాళ్ళు. అయిపోయాకే దాని అసలు జీవితం మొదలు. వేణ్ణీళ్ళలో నానబెట్టి లేబుల్ గీకేసి చింతపండు పోసేవాళ్ళు, కందిపప్పు పోసేవాళ్ళు, నిమ్మకాయ ఊరగాయ పెట్టి హాస్టల్‌కి పంపేవాళ్ళు. డాల్డా డబ్బా? పైన కత్తిరించి తులసి మొక్క నాటేవాళ్ళు, లేదా బావి దగ్గర చెంబులా వాడేవాళ్ళు. పౌడర్ డబ్బా చిల్లర దాచుకునే హుండీ. ఆ వంటింట్లో ఒక్కో సీసా పదేళ్ళు ఉండేది, లోపల ఉన్నది మాత్రం ఎప్పుడూ సీసా మీద రాసింది కాదు. అదండీ తొంభైల మధ్యతరగతి. లేబుల్ గీకేసిన సీసాకి ఏ కంపెనీ డబ్బిస్తుంది చెప్పండి?

పొట్లం సంగతి చూడండి. ఆ వంటింట్లో అన్నిటికన్నా ఎక్కువ కనబడే ప్యాకింగు ఏది? న్యూస్‌పేపర్ పొట్లం. పురికొసతో కట్టింది. పంచదార పొట్లం, ఆవాల పొట్లం, లూజు టీపొడి. నూనె క్యానుతో వెళ్ళి పోయించుకునేవాళ్ళం. రేషన్ కార్డు మీద పామోలిన్, కిరోసిన్. వీటికి లోగో లేదు. లోగో లేనిది సీన్లోకి రావాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టాలి. ఆ పట్టుబట్టేవాడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే అసిస్టెంటు. మీలో చాలామంది రేపు ఆ ఉద్యోగంలోకే వస్తారు కాబట్టి మీకు చెప్తున్నాను.

ఇంకో మాట. తొంభైలు తొంభైలు అని మనం ఒక్క ముద్ద చేసేశాం. 2018లో హిందీలో 'యే మేరీ ఫ్యామిలీ' వచ్చింది, 1998 ఎండాకాలం, జైపూర్ అని సంవత్సరం, ఊరు చెప్పి మరీ తీశారు. తెలుగులో 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో 'నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' వచ్చింది. శివాజీ గారు లెక్కల మాస్టారు తండ్రిగా చేశారు. ఇంటింటా చూశారు, మా ఇంట్లో కూడా చూసి ఏడ్చారు. మంచిదే. దాని తర్వాత ప్రతి నిర్మాతా నాకు ఫోన్ చేసి "సార్, మనకీ ఒక తొంభైలు కావాలి" అంటున్నాడు. నేనడుగుతాను, ఏ తొంభై? 1990లో ఇంటికి ఒక్క దూరదర్శనే. 1995లో జెమిని వచ్చింది, ఆగస్టులో ఈటీవీ వచ్చింది. 1990లో పెప్సీ కూడా సొంత పేరుతో రాలేకపోయింది, లెహర్ పెప్సీ అని వచ్చింది. 1998కి సైబర్ టవర్స్ నిలబడింది. మొదట్లో మా నాన్న ఎస్టీడీ బూత్ దగ్గర లైనులో నిలబడ్డాడు, చివర్లో మా బావ అమెరికానుంచి ఈ-మెయిల్ పంపాడు. ఇదంతా ఒకే సెట్టా? తలుపుకి ఒకటే రంగా? ఏ తొంభై అని అడిగితే నిర్మాత అంటాడు, "అదే సార్, నాస్టాల్జియా తొంభై."

మరి ఏం చెయ్యమంటారు అంటే, బ్రాండులు వద్దనను. వద్దంటే నాకు పనుండదు. బ్రిటన్‌లో 2011 దాకా టీవీ కార్యక్రమాల్లో డబ్బిచ్చి సరుకు పెట్టడానికే వీల్లేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 28న అనుమతి వచ్చింది, మొట్టమొదట ఒక ఉదయం కార్యక్రమంలో కాఫీ యంత్రం పెట్టారు. అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టారు. తెర మూల మీద 'పీ' అనే అక్షరం కనబడాలి, ఇందులో డబ్బిచ్చిన సరుకు ఉందని. అంతే, చిన్న అక్షరం. చూసేవాడు పెద్దవాడు, అర్థం చేసుకుంటాడు. అమెరికాలోనూ డబ్బు తీసుకుంటే చెప్పాలని చట్టం ఉంది. కాని ఊరికే ఇచ్చిన సరుకుని మామూలుగా వాడుకుంటే చెప్పక్కర్లేదు. ఆ సందులోంచి ఎన్ని ఫ్రిజ్‌లు దూరాయో! మన దగ్గర కూడా మూలన అక్షరం వస్తే నాకు సంతోషం. అప్పుడు ప్రేక్షకుడికి తెలుస్తుంది, ఈ బిస్కెట్ జ్ఞాపకం కాదు, అద్దెకొచ్చింది అని.

పని నేర్చుకునేవాళ్ళకి ఇంకొక చిట్కా. ఒక సంవత్సరం చూడాలంటే ఆ సంవత్సరం గురించి తర్వాత తీసినది చూడకండి, ఆ సంవత్సరంలో తీసినది చూడండి. 2001లో జెమినిలో 'అమృతం' మొదలైంది. అప్పుడది పాతకాలం కాదు, మామూలు ఆదివారం. ఎవరూ కాలాన్ని బంధించాలని అనుకోలేదు, అందుకే అంతా పట్టుబడింది. ఆ హోటల్ బల్లలు, ఆ ఫోను, గోడ మీద క్యాలెండరు, చొక్కాల కొలతలు. మేం 2002 సెట్టు వెయ్యాల్సి వస్తే కథ వదిలేసి వెనక గోడ చూస్తాం. పెళ్ళి వీడియోలు చూడండి. బంధువుల ఇంట్లో అడిగి క్యాసెట్ పట్టుకురండి. అందులో వంటవాళ్ళ వైపు కెమెరా తిరిగిన అర నిమిషం మా డిపార్ట్‌మెంట్‌కి బంగారం. గురువారం హైదరాబాదు పాతసామాన్ల సంత జుమేరాత్ బజార్‌కి వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే మంచి సరుకు పోతుంది.

టైమయిందని అక్కడ సైగ చేస్తున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి, ఆ బిస్కెట్ పేరు తప్ప ఏదైనా చెప్తాను. ఒక్క మనవి, పెద్దవాళ్ళకి. మీ అటక మీద ఆల్విన్ ఫ్రిజ్ గాని, ఈసీ టీవీ గాని, గోల్డ్ స్పాట్ క్రేటు గాని ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. పని చెయ్యకపోయినా పర్లేదు, తలుపు మీద పిల్లలు అంటించిన స్టిక్కర్లుంటే అవి అసలు పీకకండి. నా నంబరు బయట రిజిస్టర్లో ఉంది. రోజుకింత అని అద్దె ఇస్తాను, వచ్చే సిరీస్‌లో వెనక గోడకి కాదు, ముందు పెడతాను. ఆ పోట్లాట నేను చూసుకుంటాను. అడగండమ్మా, ముందు మీరు.